అరువు తెచ్చిన కుర్చీ

మా చిన్నప్పుడు రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో మాకున్నది ఒక గది, ఒక వంటిల్లు, ఒక్క కుర్చీ. ఆ కుర్చీ నాన్నది... మిగతా అందరికీ చాపే.

మూడో తరగతిలో నా ప్రాణ స్నేహితురాలు సునీత. ఊళ్ళోనే మోవా పేటలో సొంత ఇల్లు వాళ్ళది. ఆడుకోవడానికే ఒక గది ఉండేదండీ... బొమ్మలకి కూడా మంచం! ఆదివారం నాన్న సైకిల్ మీద దింపితే, వాళ్ళమ్మ నాకు అటుకుల పోహా, జిలేబీ పెట్టి సాయంత్రం దాకా ఉంచుకునేది.

మా అమ్మది శ్రీకాకుళం వైపు. హిందీ వచ్చేది కూరలబ్బాయితో బేరమాడేంత వరకే. "ఎప్పుడూ మనమే ఎల్తే బాగోదు, ఓపాలి ఆళ్ళనీ రమ్మను" అంది. నిజానికి అమ్మకీ ఒక స్నేహితురాలు కావాలని నాకు తెలుసు... మధ్యాహ్నాలు గుమ్మంలో ఒక్కతే కూర్చునేది.

వాళ్ళు వస్తామన్నారు. ఇక చూడాలి హడావిడి! అటకమీది ఇత్తడి గ్లాసులు దిగాయి. పాత చీర పరదా అయింది. పక్క క్వార్టర్ నర్సమ్మగారి దగ్గర రెండో కుర్చీ అరువు తెచ్చాం. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ ఆ ఖాళీ కుర్చీకే "బైఠియే... బైఠియే" అని హిందీలో కూర్చోమనడం అప్పజెప్పుకుంది.

సునీతా, వాళ్ళమ్మా వచ్చారు. ఆంటీ అరువు కుర్చీలో కూర్చుంది, అమ్మ అలవాటుగా చాప మీదే. చేగోడీలు, టీ... నవ్వులు కూడా! అమ్మ ధైర్యం చేసి "బచ్చా కిత్‌నా?" అని పిల్లలెంతమందో అడిగింది.

ఆంటీ సునీత వైపు చూసి, "యే ఏక్ హై... ఏక్ బేటా థా, గుజర్ గయా" అంది, మెల్లిగా.

"ఒక బాబు ఉండేవాడట... పోయాడటమ్మా" అని నేనే తెలుగులో చెప్పాను.

అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి ఆంటీ రెండు చేతులూ పట్టుకుంది. "అయ్యో... పాపం! పాపం తల్లీ, పాపం!"

ఆంటీ ముఖం తెల్లబోయింది. చేతులు లాక్కుంది. టీ సగం అలాగే ఉంది... సునీతని రెక్క పుచ్చుకుని బయటికి నడిచింది. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నన్నూ రమ్మనలేదు. బడిలో సునీత బెంచీ మార్చుకుంది. నాకైతే ఏమీ అర్థం కాలేదు. కుర్చీ ఊగిందా? పరదా చీరని పోల్చుకుందా?

"ఇల్లు సరిపోనేదే, ఇరుకని ఎల్లిపోనాది" అని అమ్మ తేల్చేసింది. కుర్చీ తిరిగిచ్చేసింది. తర్వాత ఎవర్నీ పిలవలేదు. నాన్నని మాత్రం పెద్ద ఇల్లు, పెద్ద ఇల్లు అని సతాయించేది.

ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళై, పాప పుట్టి, మళ్ళీ రాయ్‌పూర్‌లోనే కాపురం. ఒక రోజు మా పాపతో ఆడుకోవడానికొచ్చిన హిందీ పిల్ల గుమ్మం తట్టుకుని పడింది. "అయ్యో పాపం!" అని ఎత్తుకున్నాను. ఆ పిల్ల ఏడుపు ఆపి నా ముఖంలోకి చూసింది.

"ఆంటీ, మైనే క్యా పాప్ కియా?"

నేనేం పాపం చేశానని! ఆంటీ చేతులు లాక్కున్న రోజు గుర్తొచ్చిందండీ...

చిన్నప్పుడు ఇంట్లో ఒక్క గదే గానీ, నా బుర్రలో తెలుగుకో గది, హిందీకో గది ఉండేవి. అందుకే ఆ రోజు రెండు మాటలూ కలిపి వినలేకపోయాను. కొడుకుని పోగొట్టుకున్న తల్లికి "పాప్, పాప్" అని వినబడింది. అమ్మ జాలిపడుతోందని ఒక్క ముక్క నేను హిందీలో చెప్పి ఉంటే... ఆంటీ మాట తెలుగులోకి చెప్పింది నేనే కదా!

లేక నిజంగా ఇల్లే నచ్చలేదా? ఆంటీని అడుగుదామంటే వాళ్ళు ఎప్పుడో ఊరు మారిపోయారు.

ఇప్పుడు అమ్మకి పెద్ద హాలు, ఆరు కుర్చీలు. పిల్లల్ని ఆటకి పంపాలన్నా ముందు ఫోన్లూ, టైములూ చూసుకునే రోజులు... చెప్పకుండా తలుపు తట్టేవాళ్ళే లేరు. కుర్చీలు తుడుస్తూ అమ్మ ఇప్పటికీ అంటుంది, "ఆ సునీతోళ్ళమ్మ ఇప్పుడొస్తే బాగున్ను... కూకోడానికి చోటుంది."

నేను "ఊఁ" అంటాను. తప్పు ఇంటిదనుకుంటే అమ్మకి కొంచెమే బాధ. తన మాటదని తెలిస్తే? మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి... మీరైతే అమ్మకి చెప్తారా?