నంబరు చీటీ మీద కాటుక చుక్క

కాడుగోడి స్టేషన్ వెనక ఒకసారి చిరుత అడ్డమొస్తే, దానిచేత పదమూడో ఎక్కం చెప్పించి, అది తడబడిన చోట నేను తప్పించుకున్నాను. ఈ సంగతి మా చిక్కపేటలో ఎవర్నడిగినా చెబుతారు. నమ్మామని మాత్రం చెప్పరు. మా హెడ్మాస్టరుగారూ నమ్మలేదు. అయినా నోరున్నవాణ్ణని, కొత్త పరీక్ష సంగతి పిల్లల ఇళ్లవాళ్లకు విడమర్చి చెప్పే పని నా నెత్తినే పెట్టారు.

అప్పటిదాకా మా మిడిల్ స్కూల్లో ప్రశ్నలిచ్చేదీ మేమే, మార్కులేసేదీ మేమే. ఇకమీదట కె.ఆర్.పురం పిల్లకైనా మా పేట పిల్లకైనా ఒకటే ప్రశ్నపత్రం. పిల్లలకు పేర్లుండవు, నంబర్లుంటాయి. నంబరు చీటీని జవాబుల కాగితాల పైన దారంతో కుట్టి, ఎక్కడికో దిద్దడానికి పంపిస్తారు. చీటీ మీద ఇంకే గుర్తు కనబడినా ఆ కట్ట విప్పను కూడా విప్పరు. ఇందులో గట్టెక్కితేనే హైస్కూలు.

స్కూలు వసారాలో అందరినీ కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఎక్కువమంది మగ్గాల వాళ్లు, తలల్లో ఇంకా నూలు పోగులున్నాయి. నంబర్ల మాట రాగానే ముసలివాళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

ముందు వరసలో ఒక అవ్వ, పక్కన ఆమె మనవరాలు. నూలు చుట్టి ఆ పిల్లను సాకుతోంది అవ్వ. పిల్ల నా క్లాసే. నా కథల్లో అబద్ధం ఎక్కడ మొదలైందో సరిగ్గా అక్కడ వేలెత్తేది.

"నంబరు ఎందుకప్పా మేష్ట్రూ? నా బిడ్డకి పేరు ఉండాది కదా," అంది అవ్వ.

"ఎవరి బిడ్డో దిద్దేవాళ్లకి తెలీకూడదవ్వా. శెట్టిగారి పిల్లనొకలా, నీ పిల్లనొకలా చూడకుండా."

"ఎవరి బిడ్డో తెలీకపోతే మళ్లా ఎవరింటికని పంపిస్తారు?"

నవ్వబోయి ఆగాను. ఎవరూ నవ్వడం లేదు. అవ్వ పడుచుగా ఉన్నప్పుడు ప్లేగు వస్తే, సర్కారువాళ్లు తలుపుల మీద నంబర్లు వేసి, లోపలివాళ్లను ఊరి బయటి షెడ్లకు తోలుకుపోయారట. ఆమె మొగుడు అట్లా పోయినవాడు తిరిగి రాలేదు. నంబరు పడిందంటే మనిషి పోతాడని అక్కడున్న ముసలివాళ్లందరి మనసుల్లోనూ నాటుకుపోయింది.

"పోయేది కాయితమే అవ్వా, పిల్ల కాదు. ప్రమాణం చేస్తా."

"చిరుతకి ఎక్కాలు నేర్పినోడు ప్రమాణం చేస్తే సరిపోతుందాప్పా?" అన్నారెవరో వెనక నుంచి.

అప్పుడు మనవరాలు నా ముఖం కేసి పరీక్షగా చూసింది. "ఈ తూరి అబద్ధం లేదు అవ్వా," అంది. అవ్వ తల ఊపింది.

పరీక్ష రోజు పొద్దున గేటు దగ్గర, ఇంటికి ఇచ్చి పంపిన చీటీలు చూస్తున్నాను. మనవరాలి చీటీ దగ్గర ఆగిపోయాను. నంబరు పక్కన మినపగింజంత నల్లటి చుక్క. అవ్వ చేతిలో కాటుక భరిణె.

"ఏం చేసినావవ్వా! గుర్తు పెట్టద్దంటిని కదా!"

"గుర్తు యాడ పెడితినప్పా? ఇది దిష్టి చుక్క. నంబరు బిడ్డకి తగలకుండా."

పంచె చెంగుతో తుడవబోయాను. కాటుక నంబరు మీదికి పాకబోయింది. చెయ్యి తీసేశాను. పిల్ల పెదవులు తెల్లబడ్డాయి. దానికి రూలు తెలుసు. ఈలోగా మిగతా తల్లులు అవ్వ చుట్టూ మూగారు. "మా బిడ్డకీ పెట్టవ్వా!"

ఆపాలని నోరు తెరిచాను. పిల్ల చీటీ కేసి చూసి, మూసేశాను.

జట్కాలోంచి దిగిన స్కూళ్ల ఇన్‌స్పెక్టరు చీటీలు తిరగేశాడు. ప్రతిదాని మీదా చుక్కే. "ఏమిటిదంతా?" అన్నాడు కన్నడంలో. ఉన్నదున్నట్టు చెప్పాను. హెడ్మాస్టరుగారు కళ్లు మూసుకున్నారు, నేను మళ్లీ మొదలుపెట్టాననుకుని.

"అన్నింటి మీదా ఒకటే చుక్క. దాన్ని బట్టి ఏది ఎవరిదో చెప్పండి సార్," అన్నాను.

ఆయన చీటీలు తిరిగి నా చేతిలో పెట్టాడు. పరీక్ష రాయనిచ్చాడు. సాయంత్రం కట్టకు సీలు వేస్తూ, "పైవాళ్లు చూసుకుంటారు," అని జట్కా ఎక్కాడు.

గుర్రం గజ్జెల చప్పుడు వీధి మలుపులో పోయేదాకా అవ్వ మనవరాలి మణికట్టు వదల్లేదు. తర్వాత పిల్ల చెయ్యి వదిలి, "కాయితాలే పోయినాయప్పా! బిడ్డ ఈడనే ఉండాది!" అని నవ్వింది.

ఆమె భయం అక్కడ దిగిపోయింది. నాది అక్కడ మొదలైంది. ఒక్క పిల్ల కాదు, క్లాసంతా పోతుందేమో. ఏ జట్కా వినబడినా గేటు దాకా పరిగెత్తేవాణ్ణి. కథలు చెప్పడం మానేశాను. మేష్ట్రుకి జ్వరమని పిల్లలు అనుకున్నారు.

ఫలితాలు స్కూలు తలుపు మీద అంటించారు, అన్నీ నంబర్లే. మా కట్ట విప్పారన్నమాట. మనవరాలు తన నంబరు చూసి ఆనందంతో కెవ్వుమంది. అవ్వ మాత్రం గేటు దాటి లోపలికి రాలేదు. తలుపు మీద అంకెలు చూసి అక్కడే నిలబడిపోయింది. పిల్ల వెళ్లి చెయ్యి పట్టి లాక్కొచ్చి, తన నంబరు మీద అవ్వ వేలు పెట్టించింది.

అవ్వ వేలు అక్కడే ఉంచి, రెండో చేత్తో పిల్ల తల తడిమి చూసుకుంది.