మేస్త్రి గారు చెక్కిన గిటారు తల

పొద్దున్నించీ మబ్బు పట్టి ఉంది. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద చినుకు పడకముందే పట్టాలు కప్పాలని ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నాం. పట్టా కొసలకు రాళ్లు పెడుతుండగా మా పక్కింటాయన సైకిలు మీద వచ్చి, మేస్త్రి గారు పోయారని చెప్పాడు. అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. మిగిలిన రాళ్లు కూడా పెట్టేసి బయల్దేరాను. సగం పని వదిలేసి వెళ్తే ఆయనే తిట్టేవారు.

ఆయన మా వీధిలో వడ్రంగి. తండ్రి ఎడ్లబండ్లు చేసేవాడు. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని తగ్గిపోయి, ఈయన తలుపులూ కిటికీలూ చేసుకునేవారు. మా ఇంటి తలుపులన్నీ ఆయనవే. ఎంత వానాకాలమైనా బిగుసుకోవు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు ద్వారబంధాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వినేవారు. "ఇది పలుకుద్దిరా," అనేవారు, లేదంటే ఏమీ అనకుండా లోపలికి వెళ్లేవారు.

ఆ చెవే ఆయన్ని గిటార్ల పనిలోకి దించింది. పక్క ఊరి చర్చి వాళ్లు మెడ విరిగిన ఎలక్ట్రిక్ గిటారు ఒకటి తెచ్చి బాగుచేయమన్నారు. అది విదేశీ కంపెనీది. బాగుచేస్తూ దాని ఆకారాన్ని అట్టముక్క మీద గీసుకుని, తర్వాత టేకుతో అలాంటిదే చేశారు. లోపలి వైర్ల పని ఒంగోలులో రేడియోలు బాగుచేసే అతని చేత చేయించారు. బాగా మోగింది. చుట్టుపక్కల చర్చిల వాళ్లు రావడం మొదలుపెట్టారు. ఒళ్లు సన్నగా అడిగిన వాళ్లకు సన్నగా, ఎడమచేతి వాళ్లకు తిరగేసి చేసిచ్చేవారు. తీగలు బిగించే మరలుండే మెడ చివరి తల మాత్రం అందరికీ ఒకటే, ఆ కంపెనీ గిటారుకు ఉన్నట్టు. గిటారు తల అంటే అలాగే ఉండాలని ఆయన అనుకున్నారు. బండి చేసేవాడు ఇంకో బండిని చూసే నేర్చుకుంటాడు. ఆ ఆకారం ఎవరిదని మా వైపు ఎవరూ అడగరు.

గుంటూరులో వాయిద్యాల షాపు ఉన్న ఒకాయన ఈయన గిటార్లు పెట్టి అమ్మేవాడు. ఒక మధ్యాహ్నం ఆయన వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"మేస్త్రి గారూ, ఇక ఈ తల చెక్కమాకండి. కంపెనీ లాయరు నోటీసిచ్చాడు."

"ఎవరి తల?"

"గిటారు తలండీ. ఆ ఆకారం వాళ్ల ట్రేడ్‌మార్కంట. ఇంకెవరూ వాడకూడదంట."

"మరి ఒళ్లు?"

"ఒంటితో గొడవ లేదంట. అట్టాంటివి అందరూ చేస్తన్నారుగా."

"బాగుందయ్యా! చెక్క నాది, చెయ్యి నాది, తలకాయ మాత్రం వాళ్లదా?" అని నవ్వారు.

అయినా మనసు ఆగక, నా బండి ఎక్కి ఒంగోలులో ఒక లాయరు దగ్గరకు వచ్చారు. లాయరు ఓపిగ్గా చెప్పాడు. "ఒళ్లు చూసి ఎవరు చేశారో జనం పోల్చుకోలేరండీ. తల చూసి పోల్చుకుంటారు. మీదాన్ని చూసి ఆ కంపెనీ చేసిందనుకుంటే అది తప్పు. ఇక నుంచి మానెయ్యండి, చాలు."

మెట్లు దిగాక ఆయన అన్నారు: "అంటే ఇన్నాళ్లూ నేను చేసినదాని మీద వాడి సంతకం పెట్టానన్నమాట."

తర్వాత కొత్త తల గీశారు. వాళ్ల నాన్న కాడి చివర చెక్కే మలుపు అది. నాకు అందంగానే కనబడింది. కొనేవాళ్లకు నచ్చలేదు.

"ఇదేంది మేస్త్రీ, కాడి లాగుంది?"

"కాడే. మా నాన్నది."

"మాకు టీవీలో వాళ్ల చేతిలో ఉండేట్టు కావాలండీ."

అమ్మేసిన గిటార్ల జోలికి వెళ్లమని లాయరు చెప్పలేదు. ఆయనే రంపం గోనెసంచిలో చుట్టుకుని, వాటి తలలు మార్చి ఇస్తానని చర్చిలకు బయల్దేరారు. కొందరు ఒప్పుకున్నారు. ఆయన చేసిన మొదటి టేకు గిటారు తీసుకున్న చర్చి పాస్టరు గారు మాత్రం ఒప్పుకోలేదు.

"ప్రార్థన చేసి దేవుడికి ఇచ్చేశామండీ. దానిమీద రంపం పెట్టనివ్వలేను."

"అది నేను చేసిందని ఎవరికీ తెలవదు కదా పాస్టరు గారూ."

"దేవుడికి తెలుసు గదండీ."

"తెలిసీ ఆయన ఎవరికీ చెప్పడు గదండీ!"

పాస్టరు గారు నవ్వి టీ ఇప్పించారు. గిటారు మాత్రం ఇవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా మేస్త్రి గారు నా బండి వెనక ఆ రంపం సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "నేను చేసినవాటిల్లో అదే బాగా పలికిందిరా," అన్నారు.

కాడి తల గిటార్లు అడిగేవాళ్లు లేక ఆ పని ఆగిపోయింది. మళ్లీ తలుపుల పనే. పాత తలే చెక్కి ఇస్తే దొంగచాటుగా అమ్మిపెడతామన్న వాళ్లున్నారు. ఆయన వినలేదు. ఆ ఏడాది నుంచే మనిషి మెత్తబడ్డారు. చెక్కను కొట్టి వినడం కూడా మానేశారు.

నేను వెళ్లేసరికి ఆ పాస్టరు గారి చర్చి వాళ్లు వచ్చి ఉన్నారు. రంపం పెట్టనివ్వని ఆ టేకు గిటారే తెచ్చారు. వాకిట్లో నిలబడి పాట పాడారు. పాట అయ్యాక, దాచేపల్లి నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకాయన గిటారు తల వంక చూసి, వాయించే అతన్ని అడిగాడు.

"ఫారిన్‌దా?"

"అవునండీ, కంపెనీది."

అతను చర్చి పాటల బృందంలో కొత్తగా చేరినవాడు. మేస్త్రి గారు గిటార్లు బాగుచేసేవారని మాత్రమే అతనికి తెలుసు. పాస్టరు గారు వీధిలో ఎవరితోనో మాట్లాడుతున్నారు. మేస్త్రి గారి భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆవిడ తలెత్తి గిటారును చూసి, మళ్లీ దించుకున్నారు. నేను నోరు తెరిచేలోపు రెండో పాట ఎత్తుకున్నారు.

మధ్యాహ్నం శవాన్ని లేపారు. పాస్టరు గారు వాగు దాకా నడిచి వచ్చి, అక్కణ్నుంచి వెళ్లిపోయారు. చర్చి వాళ్లు నాలుగింటికి ఆటోలో వెళ్లారు. గిటారు వాళ్లతోనే వెళ్లింది.