మామ్మ చుట్టలు, నా ప్రతిజ్ఞ

అనకాపల్లి బజారులో పొగాకు కొట్టు దాటుతుంటే ఇప్పటికీ మా మామ్మే గుర్తొస్తుంది. మామ్మ చుట్ట తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చేది. మా వైపు ఆడవాళ్లలో చాలామందికి అదే అలవాటు. పొగ పెద్దగా బయటికి కనపడేది కాదు.

మూడో తరగతిలో మాచేత రోజూ అసెంబ్లీలో ఒక ప్రతిజ్ఞ చేయించేవారు. పొగ తాగం, ఇంట్లో ఎవరినీ తాగనివ్వం అని. అదంతా బస్టాండులో గుప్పుగుప్పున పొగ వదిలే మగవాళ్ల గురించే అనుకునేదాన్ని. మామ్మ నోట్లో ఉండేది నిప్పు కదా!

ఒకరోజు బడి నుంచి వస్తూ, మామ్మ చెప్పినట్టే చుట్టల కట్ట కొనుక్కొచ్చాను. ఆవిడ పాత కట్టలో మిగిలిన ఆఖరి చుట్ట కాలుస్తూ అరుగు మీద కూర్చుంది.

"ఒలే, ఇయ్యాల బళ్లో ఏటి సెప్పేరే?"

అక్కడే నిలబడి ప్రతిజ్ఞ మొత్తం అప్పజెప్పాను. మామ్మ తలాడిస్తూ విని, "బాగా సెప్పేవే. మాట తప్పకు మరి" అంది.

"తప్పను మామ్మా."

కొన్నేళ్లకు మామ్మ అంగిట్లో పుండు లేచింది. చివరికి గంజి కూడా మింగలేకపోయింది.

ఆ అరుగు ముందు నేను నిలబడ్డ తీరు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. కుడిచెయ్యి నిటారుగా ముందుకు చాచి ఉంది. ఎడమచేతిలో చుట్టల కట్ట ఉంది.