తుపాకుల అంగట్లో తీసిన ఫోటో

2013లో నేను సౌదీలోని దమ్మామ్‌లో ఒక ఆన్‌లైన్ డైరెక్టరీ నడిపేవాణ్ణి. లైసెన్సు మా కఫీల్ పేరున ఉండేది, పనంతా నాది. కఫీల్ అంటే మనం ఈ దేశంలో ఉండటానికి పూచీపడే సౌదీ యజమాని. ఊళ్లలోని అంగళ్ల చిరునామా, వేళలు, ఫోన్ నంబరు, ఫోటో ఒకచోట పెట్టడమే మా వ్యాపారం. ఒక్కో అంగడి పేజీని లిస్టింగ్ అంటాం.

మాకు నిలకడగా ప్రకటనలిచ్చినవి వేట తుపాకుల అంగళ్లు. పెద్ద ఇంటర్నెట్ కంపెనీలు తుపాకుల ప్రకటనలు తీసుకోవు. అందుకని ఆ యజమానులు మాలాంటి చిన్నవాళ్లను వెతుక్కుంటూ వచ్చేవారు. పేజీ మీద ధరలుండవు, అమ్మకమూ జరగదు. అంగడి లైసెన్సు కాగితం నా కళ్లతో చూసి వచ్చాకే ‘వెరిఫైడ్’ అనే పచ్చ గుర్తు పెట్టేవాణ్ణి.

ఆ పని నాకు ఇష్టంగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. మాది కడప జిల్లాలో పాళెగాళ్ల వంశం. మా తాతగారికి మూడు తుపాకులకు లైసెన్సు ఉండేది. ఒక ఎన్నికలప్పుడు అందరిలాగే వాటిని పోలీసు స్టేషన్‌లో అప్పగించాం. తిరిగి తెచ్చుకోవడానికి మా నాన్న వెళితే ఎస్.ఐ. కుర్చీ వేయలేదట. నాన్న వెనక్కి తిరిగి వచ్చేశారు. తుపాకులు అక్కడే ఉండిపోయాయి. అప్పటికే పొలాలు పోయాయి. మాకు మిగిలింది నిటారుగా నిలబడటం ఒక్కటే.

హఫర్ అల్ బాతిన్‌లో ఒక అంగడి ఉంది. దాని యజమాని పెద్దాయన, నెలకు రెండుమూడుసార్లు వచ్చి టీ తాగి వెళ్లేవాడు. అంగడిని నిజంగా నడిపేది ఖాదర్ బాషా. మా జిల్లావాడే, ప్రొద్దుటూరు దగ్గర. పద్దెనిమిదేళ్లుగా అక్కడే ఉన్నాడు. తుపాకి మడిచి మూసినప్పుడు వచ్చే చప్పుడును బట్టి దాని కీలు ఎంత అరిగిందో చెప్పేవాడు. ఎడారి ఎండలో కళ్లు చికిలించుకుని వచ్చే బెదూ తెగల ముసలివాళ్లు యజమానిని పలకరించి, సలహా మాత్రం బాషానే అడిగేవారు.

నా డైరెక్టరీలో ఒక నియమం పెట్టుకున్నాను. కౌంటర్లో నిలబడే మనిషి ఫోటో, పేరు లిస్టింగ్‌లో ఉండాలి. పనిచేసేవాడికి పేరు లేకపోవడం నాకు సహించేది కాదు.

బాషా వద్దన్నాడు. “నా బొమ్మ ఏంటికి సామీ? తుపాకులు తీసుకోండి ఫోటో, అవైతే బాగుంటాయి.”

“నువ్వు లేకపోతే ఇది అంగడే కాదు. వచ్చి నిలబడు.”

“మీ పేజీలో మీ బొమ్మ యాడుంది? నేను సూసినా, ల్యా.”

“అది వేరే విషయం” అన్నాను.

తల దువ్వుకుని, తుపాకి ఒకటి చేతిలోకి తీసుకుని కౌంటర్ వెనక నిలబడ్డాడు. మంచి ఫోటో వచ్చింది. కింద అరబ్బీలోను, ఇంగ్లీషులోను పేరు వేశాను. అతనికి గౌరవం చేశాననుకున్నాను.

ఆ ఏడాదే నితాఖాత్ తనిఖీలు ముమ్మరమయ్యాయి. నితాఖాత్ అంటే ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే లెక్క. ఇఖామాలో, అంటే నివాస కార్డులో, ఏ పని రాసి ఉంటే ఆ పనే చేయాలి. తప్పులు సరిచేసుకోవడానికి ప్రభుత్వం కొన్ని నెలల గడువు ఇచ్చింది. గడువు దాటాక పట్టుబడితే ఇంటికే.

ఒక మధ్యాహ్నం బాషా ఫోన్ చేశాడు. గొంతు మామూలుగానే ఉంది.

“లేబర్ ఆఫీసాయన వచ్చినాడు సామీ. ఫోన్లో మీ పేజీ పెట్టుకుని వచ్చినాడు. ఈ మనిషి యాడని అడిగినాడు. నేను ఎనక గోదాంలో ఉన్నా. రేపు పొద్దున కార్డు తీసుకుని ఆఫీసుకు రమ్మన్నాడంట.”

“నీ కార్డులో ఏముంది?”

“హమ్మాల్. మూటలు మోసేవాడు.”

నేను కంప్యూటర్‌లో అతని పేజీ తెరిచాను. బాషానే మళ్లీ అన్నాడు:

“మీరొచ్చి ఒక మాట సెప్పండి. ఫోటో కోసం మీరే నిలబెట్టినారని.”

“నేను అబద్ధం చెప్పను బాషా.”

“అబద్ధమేముంది దాంట్లో? నిలబెట్టింది మీరే గదా.”

హఫర్‌కు నాలుగైదు గంటల దారి. తెల్లవారుజామున బయలుదేరాను. దారి పొడవునా నా జేబులోని కార్డు గుర్తొస్తూనే ఉంది. బాషా బొమ్మ పెట్టి నా బొమ్మ పెట్టుకోకపోవడానికి కారణం ఆ కార్డే. పెద్దరికం కొద్దీ పెట్టలేదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

బాషాతో కలిసి లేబర్ ఆఫీసు లోపలికి వెళ్లాను. తనిఖీ అధికారి యువకుడు, మర్యాదస్తుడు. కుర్చీలన్నీ కాగితాల కట్టలతో నిండి ఉన్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు. మా నాన్నయితే వెనక్కి తిరిగేవారు. నేను నిలబడ్డాను.

“ఈ ఫోటో నేను తీశాను. ఆయన వద్దన్నాడు. బలవంతంగా నిలబెట్టాను. తప్పు నాది” అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో. తప్పు నాది అనే మాట మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

“నువ్వెవరు? నీ ఇఖామా చూపించు.”

ఇచ్చాను. చదివాడు. ఇస్త్రీ చేసిన నా చొక్కా వైపు చూశాడు.

“దహ్హాన్. పెయింటర్‌వా? ఎవరి గోడలకు వేస్తావు రంగులు?”

“ఎవరి గోడలకూ వేయను. ఈ డైరెక్టరీ నడుపుతాను.”

పక్కన బాషా నావైపు తిరిగి చూశాడు. నా కార్డులో ఏముందో అతనికి తెలియదు. అప్పుడు తనంతట తానే ముందుకొచ్చి, నాకన్నా ఎంతో చక్కటి అరబ్బీలో అన్నాడు: “నేనూ మూటలొక్కటే మోయను సార్. తుపాకులు బాగుచేస్తాను. అడిగినవాళ్లకు చెబుతాను.”

అధికారి రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి కాసేపు చూశాడు. “గడువు ఇంకా ఉంది. ఇద్దరూ పని పేరు మార్పించుకోండి. అప్పటిదాకా ఇతను కౌంటర్లో కనిపించకూడదు. ఆ ఫోటో తీసేయి.”

బయట మెట్ల మీద బాషా నవ్వాడు. “రంగులేస్తారా సామీ మీరు? మా గోదాం గోడ ఒకటి ఉంది.” చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

బాషా కార్డు రిపేరు టెక్నీషియన్‌గా మారింది, ఉద్యోగం నిలిచింది. కౌంటర్ మాత్రం పోయింది. అక్కడ ఒక సౌదీ యువకుడు చేరాడు. బాషా వెనక గదిలో తుపాకులు విప్పుతూ కూర్చునేవాడు, ముసలివాళ్లు మాత్రం తెర తీసుకుని లోపలికే వచ్చేవారు. నా కార్డూ మారింది. మా పేజీలో నా పేరు, ఫోటో పెట్టాను. పాత నియమం తీసేశాను. కౌంటర్లోని మనిషిని ముందు అడుగుతాను, వద్దంటే ఎందుకని అడగను. పేరు వేయడం గౌరవమే, కానీ దానికి మూల్యం చెల్లించేది నేను కాదని ఆ రోజు తెలుసుకున్నాను.

తర్వాత కొన్నేళ్లకు లెవీలు వచ్చాయి. పరాయి పనివాడి తలమీద ఏటేటా పెరిగే పన్ను అది. యజమాని మోయలేనన్నాడు. బాషాకు ఫైనల్ ఎగ్జిట్ పడింది, అంటే ఇక ఊరికి వెళ్లిపోవడమే. వెళ్లేముందు దమ్మామ్‌లో మా ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ వేశాను.

“ఆ ఫోటో ఉందా సామీ, పారేసినారా?”

పేజీలోంచి తీసేశాను గానీ కంప్యూటర్‌లో దాచాను. పెద్ద సైజులో ప్రింటు తీసి ఇచ్చాను. బాషా దాన్ని చాచిన చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాడు. తల దువ్వుకున్న ఆ మనిషిని, చేతిలోని తుపాకిని.

“కింద పేరు ల్యా” అన్నాడు. “రాయండి. ఇప్పుడేం కాదు.”

పెన్ను తీసుకుని తెలుగులో రాశాను.