కింద నా రేకులు, పైన మా మామ గుండిగ

మూడు ఆదివారాలు కారు కింద పండుకోని పని చేసినానప్పా. నాది పాత కారు, అడుగంతా గుంతలూ గొట్టాలూ. గాలి ఆడ తగులుకోని కారును ఎనక్కి గుంజకుండా అల్యూమినియం రేకులు కొట్టి నున్నగా చేసినా. గాలి కిందికి దూరకుండా ముందర బంపర్ కింద రబ్బరు పట్టీ బిగిచ్చినా. మొన్న జమ్మలమడుగుకు పోయొస్తే పెట్రోలు ముల్లు ఎప్పుడూ దిగినంత దిగలే.

ఈ పొద్దు నాకు పిల్లనిచ్చిన మామ గండి గుడికాడ అన్నదానం పెట్టుకున్నాడు. ప్రొద్దుటూరులో నేను టీ తాగొచ్చే లోపల, అన్నం వండే పెద్ద గుండిగను కారు టాపు మీద పండబెట్టి తాడుతో కట్టేసినాడు. దాని మూతి నేరుగా ముందరికి. ఎదురుగాలంతా దాంట్లోకే.

"మామా, గాలి పట్టకూడదనే కదా నేను ఇన్నాళ్లు తిప్పలు పడింది, ఇదేంది?" అన్నా.

"నువ్వు చేసింది కింద కదప్పా, నేను కట్టింది పైన," అన్నాడు.

ఎర్రగుంట్ల దాటినాక గుండిగ ఊళ పెట్టడం మొదలుపెట్టింది. ఎంత తొక్కినా కారు లెయ్యలే. అందరికన్నా ఎనక చేరినాం. గుడికాడ మామ నా భుజం మీద చెయ్యేసి, చుట్టాలందరి ముందర చెప్పినాడు.

"కారు శానా బరువుగా పోతాంది అల్లుడా, ఆ రేకులు పీకేపిచ్చు."

అందరూ అవునవునని తలకాయలూపినారు. తిరిగొచ్చేటప్పుడు గుండిగను మళ్లా అట్లే, మూతి ముందరికే కట్టినాడు.

మీరన్నా చెప్పండప్పా, పీకాల్సింది నా రేకులా?