సీలు వేసిన గోడౌన్‌లో ఓట్లు

నేను వెర్రివాడినని ముందే ఒప్పేసుకుంటున్నాను. వెర్రివాడికి అబద్ధం అల్లడం చేతకాదు కాబట్టి, మిగతాదైనా నమ్ముతారని ఆశ.

నరసాపురం రోడ్డులో మాకు ధాన్యం గోడౌన్ ఉందండి. పాత ఓటింగు మెషిన్లు పెట్టుకుంటామని ఎన్నికల ఆఫీసు సారు ఒకాయన వచ్చి అడిగారు. "కొన్నాళ్ళేనండి. ప్రజాస్వామ్యానికి సేవ." ప్రజాస్వామ్యం నా గుమ్మం దాకా వచ్చిందని మురిసిపోయి, కాగితం కూడా అడక్కుండా తాళాలిచ్చేశాను. పైగా పూతరేకులు పెట్టాను. పెట్టెలు దింపినరోజు బ్యాటరీలన్నీ తీసేస్తుంటే దగ్గరుండి చూసింది కూడా నేనే. షట్టరుకి లక్క సీలు వేశారు. అది పగిలితే కేసు నా మీదేనని, వేశాక చెప్పారు.

తర్వాత కొత్త మోడల్ వచ్చింది. పాతవి ఎవరికీ అక్కర్లేదు. అద్దె నోటితో చెప్పిన మాటే, నోటు దాకా రాలేదు. ఫోన్ చేస్తే సారు, "తుక్కు కింద అమ్మకూడదండి. తయారుచేసిన కంపెనీకే పంపి పగలగొట్టించాలి. లారీ, పోలీసు, కెమెరా... ఆ ఖర్చు ఎవరిదో తేలలేదు" అనేవారు. అన్నన్ని మెషిన్లు కొన్నవాళ్ళకి, పారేసేటప్పుడు డీజిలు డబ్బులు దొరకలేదన్నమాట. చోటిచ్చినవాడికే చోటు లేకుండా పంటలు గడిచిపోయాయి.

మొన్న సార్వా వరి కోసి నూర్చే మాసూళ్ళప్పుడు వాయుగుండం అన్నారు. మా బస్తాలన్నీ గోడౌన్ ముందు ఆరుబయటే. పైన కప్పడానికి బరకాలు చాలలేదు. రాత్రి కరెంటు పోయింది. గాలిలో తడి వాసన. ఇక ఆగలేక గునపం తీశాను. సీలు పగలగొట్టి, పెట్టెలు ఓ మూలకి నెట్టి, ధాన్యం లోపల వేద్దామని. మా బావమరిది శ్రీను టార్చి పట్టుకున్నాడు.

"కేసు పెడతారు బావా."

"పెట్టనీరా. జైల్లో వాన పడదు కదా."

గునపం షట్టరు కింద దూర్చాను...

అప్పుడు మోగింది.

పీ... అని. సన్నగా, పొడుగ్గా. ఒక్కసారైనా ఓటేసినవాడు ఆ మోతని మర్చిపోడు. లోపల్నుంచి.

"ఎలకేమో" అన్నాడు శ్రీను.

ఎలక బటన్ నొక్కొచ్చు. బ్యాటరీ ఎక్కణ్ణుంచి తెస్తుందండీ?

ఊపిరి బిగబట్టాం. లోపల... కాళ్ళీడ్చిన చప్పుడు. ఒక్కరిది కాదు. వరసలో నిలబడ్డవాళ్ళు ఒక్కో అడుగూ ముందుకి జరుగుతారే... అలా. ఆగింది. వేలికి సిరా పూయించుకుని, అట్ట చాటుకి వెళ్ళేంత సేపు... మళ్ళీ పీ...

"ఎవరికేస్తున్నారు బావా?"

"నన్నడుగుతావేంట్రా. రహస్యం కదా" అన్నాను.

మళ్ళీ అడుగులు. ఈసారి మా వైపు. దగ్గరగా... ఇంకా దగ్గరగా. ఓటేసి బయటికొచ్చేవాళ్ళలా. రేకుకి అవతల ఆగాయి. నా చేతిలో గునపం సన్నగా అదిరింది. నేను కదపలేదండి. అవతల్నుంచి ఎవరో రేకు మీద చెయ్యి ఆనించినట్టు...

గునపం అక్కడే వదిలేసి రోడ్డెక్కాం. వెనకే వాన మొదలైంది. తిరిగి వెళ్ళుంటే కొన్ని బస్తాలైనా దక్కేవి. వెళ్ళలేకపోయాం.

తెల్లారి చూస్తే సీలు చెక్కుచెదరలేదు. ధాన్యం నానిపోయింది, తర్వాత మొలకలెత్తింది. మిల్లువాళ్ళు ముట్టుకోలేదు. మా ఆవిడ వచ్చి చూసి, "మెషిన్లు మాత్రం తడవలేదు కదండీ" అని ఒక్కమాట అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చాలా రాత్రులు వెళ్ళి షట్టరుకి చెవి ఆనించాను. ఏమీ లేదు. అదేమిటో నాకిప్పటికీ తెలియదు. ఫోన్లో సారుకి చెబితే కడుపారా నవ్వారు.

పోయినవారం ఆయనే వచ్చారు. ధాన్యం చూడ్డానికి కాదు, సీలు చూడ్డానికి. పొద్దుగూకుతోంది. ఒక్కరే ఉన్నారు.

"ఏంటండీ, మీ దయ్యాలు ఇంకా ఓట్లేస్తున్నాయా?" అంటూ షట్టరు దగ్గర వంగారు.

లోపల చీమ చిటుక్కుమనలేదు. నేను ఒక్కడుగు వెనక్కి వేశాను. గొంతు తగ్గించాను.

"అదిగోండి... మోగుతోంది. మీకు వినపడట్లేదా?"

ఆయన వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. తల తిప్పకుండానే, "కాస్త లైటు వెయ్యండి" అన్నారు.

"స్విచ్చు లోపలుందండి" అన్నాను.