కుళమణి తువ్వాలు

ఒడిశాలోని సాలెపూర్ బస్టాండు దగ్గర ఏ పొద్దున చూసినా మిఠాయిల కుళమణి గుడియా పొయ్యి ముందే ఉంటాడు. రసగుల్లాల పాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగలాగి చూస్తాడు. ఇదివరకు ఆ వేళ్ళు తిన్నగా నోట్లోకి వెళ్ళేవి. చక్కెర జబ్బని తెలిసిన రోజు నుంచి భుజం మీది తువ్వాలుకే వెళ్తున్నాయి. సాయంత్రం దాన్ని కుళాయి దగ్గర తనే ఉతుక్కుంటాడు.

అలాంటివాడికి రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర అంకె తగ్గకపోగా పెరిగింది. "దొంగచాటుగా ఎన్ని మింగుతున్నావయ్యా?" అని భార్య సుభద్ర బజారంతా వినేలా కడిగేసింది. "మౌసా, మాకూ నాలుగు మిగల్చవయ్యా!" అని బాబాయి వరస కలిపి, కొట్టుకి వచ్చినవాళ్ళు నవ్వారు. కుళమణి కుడి దవడ పట్టుకుని పాకం కలుపుతూనే ఉన్నాడు. డాక్టరమ్మ మాత్రం ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్పీ పరీక్ష కూడా చేయించింది. అదీ ఎక్కువే వచ్చింది. "ఎక్కడో చీము పట్టినట్టుంది. అలా ఉంటే చక్కెర కూడా దిగదు. ఏదీ, నోరు తెరవండి," అంది. తెరిస్తే కుడివైపు చిగుళ్ళు ఉబ్బి, చీము కారుతున్నాయి.

వైద్యం చేయించాక రెండు అంకెలూ దిగాయి. "ఇంత నొప్పి పెట్టుకుని ఒక్క మాటైనా చెప్పలేదేం?" అంది సుభద్ర, కళ్ళు తుడుచుకుంటూ.

"మిఠాయివాడు పన్ను నొప్పంటే, తీపి ముట్టలేదని ఎవరు నమ్ముతారే?" అన్నాడు కుళమణి.

ఆ సాయంత్రం తువ్వాలు ఆమే నానబెట్టింది. సబ్బు తెచ్చేలోగా బకెట్టు చుట్టూ చీమలు బారులు కట్టాయి. అతను నోట పెట్టని పాకమంతా ఆ నీళ్ళలో ఉంది.